గోడ దాటని గిటారు



ఎలక్ట్రిక్ గిటారు అనగానే మనలో చాలామందికి మొదట గుర్తొచ్చేది చెవులు చిల్లులు పడే మోత. పెళ్లి ఊరేగింపులో ఆర్కెస్ట్రా బండి పక్కన నాలుగు అడుగులు నడిచినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కర లేదు. అయితే ఆ మోతలోనే ఒక చిక్కు ఉంది. గిటారు వాయించేవాళ్లు ప్రాణప్రదంగా చూసుకొనే ఆ బొంగురు, ఆ గరగర, ఒక స్వరం మీద నిలిచి తీగ సాగినట్టు సాగే ఆ నాదం, ఇవన్నీ యాంప్లిఫైయర్‌ను గట్టిగా మోగిస్తేనే పుట్టేవి. వాల్యూమ్ తగ్గిస్తే నాదమూ చప్పబడిపోయేది. మరి కోలారు గనుల లైను ఇళ్లలోనో, బళ్లారి, బరంపురం సందుల్లోనో, గోడకు గోడ ఆనుకొని ఉన్న ఇంట్లో, రాత్రి పది గంటలకు, ఆ నాదాన్ని మెల్లగా పలికించి రికార్డు చేసుకోవాలంటే ఎలా? ఇది మన ఊళ్లకు వచ్చిన చిక్కు మాత్రమే కాదు. అమెరికాలో, ఇంగ్లండులో పేరుమోసిన వాళ్లను కూడా యాభై అరవై ఏళ్లపాటు వేధించిన చిక్కు. ఆ చరిత్రే ఈనాటి నా ప్రసంగ విషయం.

మన నాదస్వరాన్ని ఒకసారి తలచుకోండి. గదిలో కూర్చుని దాన్ని వీణలాగా మెల్లగా వాయించండి అని అడిగితే ఏ విద్వాంసుడైనా నవ్వుతాడు. ఆ వాద్యం గుణమే ఆ గట్టిదనంలో ఉంది. గిటారు సంగతి వేరు. అది స్వతహాగా మెత్తని వాద్యం. దానికి గట్టిదనం అరువు తెచ్చిపెట్టినది. ఆ అరువు వస్తువు చివరికి వాద్యంలో భాగమైపోవడమే ఈ కథలోని అసలు మలుపు.

1920లలో అమెరికాలో నాట్య మందిరాల వాద్యబృందాల్లో గిటారు వాయించేవాడు ఉన్నా లేనట్టే. బూరల మధ్య, డ్రమ్ముల మధ్య వాడి తీగలు ఎవరికీ వినిపించేవి కావు. 1906లో లీ డి ఫారెస్ట్ తయారుచేసిన వాల్వు, దాని వెంట పుట్టిన రేడియో విద్య, ఇక్కడ అక్కరకు వచ్చాయి. తీగ కదలికను అయస్కాంతంతో విద్యుత్తుగా మార్చి, దాన్ని వాల్వులతో పెంచి, స్పీకరుకు అందించే గిటారును రికెన్‌బ్యాకర్ కంపెనీ 1932లో అమ్మకానికి పెట్టింది. 1939లో చార్లీ క్రిస్టియన్ అనే యువకుడు బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరి, గిటారు కూడా బూరలతో సమానంగా ముందుకొచ్చి పాడగలదని చూపించాడు.

ఆ కాలంలో ఎవరూ గరగర కోరలేదు. తీగ ఏం పలికితే అదే పెద్దగా వినిపించాలి, అంతే. కాలిఫోర్నియాలో ఫుల్లర్టన్ అనే ఊళ్లో 1938లో రేడియో రిపేరు దుకాణం పెట్టుకొన్న లియో ఫెండర్, తర్వాత యాంప్లిఫైయర్ల తయారీలో దిగినప్పుడు ఆయన పట్టుదల కూడా శుభ్రమైన శబ్దం మీదే. ఆ పెట్టెల లోపల ఉన్న విద్య దాదాపు రేడియోలో ఉన్నదే. మన పెద్దల ఇళ్లలో వాల్వు రేడియో ఉండేది గుర్తుందా? స్విచ్ వేస్తే వెంటనే పలికేది కాదు. లోపల ఎర్రగా వెలిగి, వేడెక్కి, ఆ తర్వాత నెమ్మదిగా గొంతు విప్పేది. గిటారు యాంప్లిఫైయర్ దానికి తోబుట్టువే.

ఇక గరగర ఎలా పుడుతుందో చెప్పాలి. బళ్లో పిల్లలకు నేను నల్లబల్ల మీద ఒక తరంగం గీసి చూపిస్తాను. కొండలా పైకి లేచి, లోయలా కిందికి దిగే నున్నని గీత. వాల్వుకు ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు లోపల ఎంత పెంచినా కొండ కొండలాగే ఉంటుంది. హద్దు దాటించబోతే కొండ శిఖరం పైకి పోలేక చదునైపోతుంది, దోసెల పెనం మీద అణిచినట్టు. అలా చదునైన తరంగంలో మూల స్వరంతోపాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు వేగం గల స్వరాలు కొత్తగా చేరతాయి. వీటినే భౌతికశాస్త్రంలో అనుస్వరాలు అంటాం. ఆ గరగర ఇదే. వాల్వు మంచితనం ఏమిటంటే అది శిఖరాన్ని కత్తితో కోసినట్టు కోయదు, మెల్లగా వంచుతుంది. అందుకే ఆ శబ్దంలో ఒక వెచ్చదనం ఉంటుంది. పైగా శిఖరాలు అణిగిపోవడం వల్ల గట్టి దెబ్బకీ మెత్తని దెబ్బకీ తేడా తగ్గి, స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది. ఇంజనీరు దృష్టిలో ఇది దోషం. వాయించేవాడి చెవికి ఇది గొంతు.

ఈ దోషం గుణంగా మారింది చాలావరకు ప్రమాదవశాన. 1951 మార్చిలో ఐక్ టర్నర్ బృందం మిసిసిపీ నుంచి మెంఫిస్ నగరానికి శామ్ ఫిలిప్స్ స్టూడియోలో పాట రికార్డు చేయడానికి బయలుదేరితే, దారిలో గిటారు యాంప్లిఫైయర్ దెబ్బతింది. ఎలా దెబ్బతిన్నదో చెప్పేవాళ్లు రెండు మూడు రకాలుగా చెబుతారు. ఫిలిప్స్ దాని స్పీకరులో కాగితం కుక్కి, ఆ బొంగురుతోనే పాట రికార్డు చేశాడు. అదే ‘రాకెట్ 88’. 1958లో లింక్ రే తన స్పీకరుకు పెన్సిలుతో తూట్లు పొడిచాడు. ఆ తర్వాత నాష్‌విల్‌లో ఒక పాట రికార్డు చేస్తుంటే మిక్సింగ్ బల్లలో ఒక భాగం పాడై, గ్రేడీ మార్టిన్ వాయించిన బాస్ గిటారు తుమ్మెద రొద చేసింది. ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ రొదను పారేయకుండా దాన్ని కావాలని పుట్టించే చిన్న పెట్టెకు రూపం ఇచ్చాడు. 1962లో గిబ్సన్ కంపెనీ దాన్ని మేస్ట్రో ఫజ్ టోన్ పేరుతో అమ్మింది. 1965లో రోలింగ్ స్టోన్స్ ‘సాటిస్‌ఫాక్షన్’ పాటలో వినిపించేది అదే పెట్టె.

వీటన్నిటిలో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది లండన్ కుర్రవాడు డేవ్ డేవిస్ చేసిన పని. 1964లో కింక్స్ బృందం ‘యూ రియల్లీ గాట్ మీ’ పాట కోసం అతను ఎల్పికో అనే చవక యాంప్లిఫైయర్ స్పీకరును బ్లేడుతో కోసి, దాని శబ్దాన్ని తెచ్చి ఇంకో పెద్ద యాంప్లిఫైయర్‌లోకి పంపాడు. అంటే చిన్న యంత్రంలో నాదాన్ని చెడగొట్టి, దాన్ని ఎంత పెద్దగా వినిపించాలో వేరే యంత్రానికి వదిలాడన్నమాట. నాదం ఒకచోట, గట్టిదనం మరొకచోట. ఆ తర్వాత వచ్చిన ఉపాయాలన్నిటికీ బీజం ఇందులోనే ఉంది. కానీ అప్పుడు ఎవరూ దాన్ని ఆ కోణంలో చూడలేదు. ఎందుకంటే ఆ రోజుల్లో అందరి పరుగూ ఇంకా పెద్ద శబ్దం కోసమే.

దానికి కారణమూ లేకపోలేదు. 1965 ఆగస్టులో న్యూయార్క్ షే స్టేడియంలో బీటిల్స్ కచేరీకి సుమారు 55 వేల మంది వచ్చారు. గిటారు శబ్దాన్ని అంతమందికి చేర్చే మైకు వ్యవస్థలు అప్పటికి లేవు. వేదిక మీది యాంప్లిఫైయర్లే దిక్కు. లండన్‌లో డ్రమ్ముల దుకాణం నడిపే జిమ్ మార్షల్ 1962లో ఫెండర్ కంపెనీ బాస్‌మన్ నమూనా చూసి తనవైన యాంప్లిఫైయర్లు కట్టించాడు. ‘ది హూ’ బృందం అడగ్గా 1965లో వంద వాట్ల యంత్రం, దానికి గోడలా నిలబడే స్పీకర్ల బీరువాలు తయారయ్యాయి.

1966 వసంతంలో లండన్ డెక్కా స్టూడియోకు జాన్ మేయల్ బృందంతో ఎరిక్ క్లాప్టన్ వచ్చాడు. వయసు ఇరవై ఒకటి. స్టూడియో ఆచారం ప్రకారం యాంప్లిఫైయర్ మెల్లగా పెట్టుకొని, మైకు దగ్గరగా ఉంచి వాయించాలి. అతను ఒప్పుకోలేదు. కచేరీలో ఎంత గట్టిగా వాయిస్తానో ఇక్కడా అంతే వాయిస్తాను, మైకును మీరే దూరం జరుపుకోండి అన్నాడు. ఇంజనీరు గస్ డడ్జన్ తల పట్టుకొన్నా చివరికి అలాగే రికార్డు చేశారు. ఆ రికార్డులోని గిటారు విన్న తరువాత ఒక తరం మొత్తానికి ఒక నమ్మకం పాతుకుపోయింది: మంచి నాదం కావాలంటే వాల్యూమ్ చివరిదాకా తిప్పాలి.

ఈ నమ్మకానికి కొందరు చెల్లించిన మూల్యం పెద్దది. ‘ది హూ’ బృందం గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ తన వినికిడి దెబ్బతిన్న సంగతీ, చెవిలో ఆగని హోరు సంగతీ స్వయంగా బహిరంగంగా చెప్పుకొన్నాడు.

ఇక్కడ కాస్త లెక్క చెప్పుకోవాలి. వంద వాట్ల యంత్రం బదులు యాభై వాట్లది కొంటే మోత సగమవుతుందని చాలామంది అనుకొంటారు. కాదు. మన చెవికి శబ్దం సగమైనట్టు తోచాలంటే శక్తి పదో వంతుకు తగ్గాలి. అంటే వంద వాట్లలో సగం మోత పది వాట్లకు వస్తుంది. ఒక్క వాటుకు దిగినా ఇంకా పావు వంతు మోత మిగిలే ఉంటుంది. గిటారుకు వాడే స్పీకర్లు ఒక్క వాటుకే, గజం దూరంలో, 95 నుంచి 100 డెసిబెల్స్ దాకా మోగుతాయి. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకొంటే అది 60 డెసిబెల్స్ ఉంటుంది. కనుక చిన్న యంత్రం కొన్నంత మాత్రాన పక్కింటివారికి నిద్ర పట్టదు.

అయినా స్టూడియోలో చిన్న యంత్రానికి వేరే విలువ ఉంది. 1970లో మయామీలో ‘లైలా’ రికార్డు చేసేటప్పుడు అదే క్లాప్టన్, డ్యూయేన్ ఆల్‌మన్‌తో కలిసి ఫెండర్ చాంప్ అనే చిన్న యాంప్లిఫైయర్లు వాడాడు. నేర్చుకొనేవాళ్ల కోసం చేసిన ఐదు వాట్ల పెట్టె అది. అయినా రికార్డులో వినండి, ఎంత నిండుగా ఉంటుందో! మైకుకు కావలసింది తన ముందుకొచ్చే శబ్దం ఎలా ఉందన్నదే కాని, దాన్ని పుట్టించిన పెట్టె ఎంత పెద్దదన్నది కాదు. రికార్డు విన్నప్పుడు శబ్దం ఎంత ఉండాలో నిర్ణయించేది వినేవాడి చెయ్యి.

అసలు స్పీకరే వద్దనుకొన్నవాళ్లూ ఉన్నారు. ఇంట్లోనే రికార్డింగు ప్రయోగాలు చేసిన లెస్ పాల్, గిటారును నేరుగా రికార్డింగు యంత్రానికే తగిలించేవాడు. 1968లో బీటిల్స్ ‘రివల్యూషన్’ పాటకు గిటార్లను నేరుగా మిక్సింగ్ బల్లకు కలిపి, అందులోని వాల్వు భాగాలను హద్దు దాటించి ఆ కర్కశమైన గరగర పుట్టించారు. ఆ పాటకు అది అతికింది. కానీ అన్నిటికీ అతకదు. ఎందుకో చెబుతాను. గిటారు స్పీకరు 5,000 హెర్ట్‌జ్ దాటిన శబ్దాలను పెద్దగా పలకదు. వాల్వు పుట్టించిన కీచు అనుస్వరాలను అదే వడగట్టి పారేస్తుంది. స్పీకరు లేకుండా నేరుగా రికార్డు చేస్తే ఆ కీచంతా మిగిలి, సీసాలో తేనెటీగ చిక్కుకొన్నట్టు వినిపిస్తుంది. స్పీకరు శబ్దం చేసే వస్తువే కాదు, జల్లెడ కూడా.

1970ల మొదట్లో కాలిఫోర్నియాకు చెందిన రాండల్ స్మిత్ మరో దారి పట్టాడు. యాంప్లిఫైయర్‌లో రెండు అంచెలు ఉంటాయి. మొదటిది చిన్న సంకేతాన్ని తయారుచేసే అంచె, రెండోది స్పీకరును కదిలించే బలమైన అంచె. స్మిత్ మొదటి అంచెలో వాల్వులు అదనంగా చేర్చి, గరగరంతా అక్కడే పుట్టించి, చివర ఇంకో నాబ్ పెట్టి రెండో అంచెకు ఎంత పోవాలో అంతే వదిలాడు. ఊట బావిలో నీళ్లు ఎన్ని ఉన్నా తోటకు కావలసినంతే కాలువ విడిచినట్టు. మీసా బూగీ పేరుతో ఆ యంత్రాలకు గిరాకీ పెరిగింది. 1970ల నడుమ మార్షల్ కంపెనీ కూడా ఇలాంటి మాస్టర్ వాల్యూమ్ పెట్టింది. ఇంట్లో వాయించేవారికి ఇది పెద్ద ఊరట. అయితే పాత రికార్డుల్లోని నాదంలో రెండో అంచె వాల్వులకు, లోపలి ట్రాన్స్‌ఫార్మరుకు, గట్టిగా ఊగే స్పీకరుకు కూడా వాటా ఉంది. వాటిని నిద్రపుచ్చితే నాదం కొంత పలచబడక తప్పదు.

ఈ చరిత్రలో నేను ఎక్కువసేపు ఆగదలచుకొన్నది టామ్ షోల్జ్ దగ్గర. ఆయన మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, పోలరాయిడ్ కెమెరా కంపెనీలో ఉద్యోగం చేసేవాడు. పగలు కొలువు, రాత్రి వాటర్‌టౌన్‌లోని ఇంటి నేలమాళిగలో రికార్డింగు. ఏళ్ల తరబడి ఒక్కో వాద్యం తానే వాయించుకొంటూ, నచ్చకపోతే చెరిపి మళ్లీ వాయిస్తూ పాటలు కట్టాడు. చివరికి రికార్డు కంపెనీ ఒప్పుకొంది, కానీ అసలు స్టూడియోలో మళ్లీ చేయాలంది. బృందంలో మిగతావాళ్లు లాస్ ఏంజిలిస్ స్టూడియోకు వెళ్లారు. షోల్జ్ మాత్రం ఇంట్లోనే ఉండి అధిక భాగం ఆ నేలమాళిగలోనే పూర్తిచేశాడు. 1976లో వచ్చిన ఆ ‘బోస్టన్’ రికార్డు అమెరికాలోనే కోటికి పైగా అమ్ముడుపోయింది. ఇంటి రికార్డింగు అంటే రెండో రకం సరుకు అన్న మాట ఆ తర్వాత ఎవరూ ధీమాగా అనలేకపోయారు.

1980లో షోల్జ్ సొంత కంపెనీ పెట్టి ‘పవర్ సోక్’ అనే పెట్టె అమ్మాడు. యాంప్లిఫైయర్‌కూ స్పీకరుకూ మధ్య దాన్ని పెట్టాలి. యాంప్లిఫైయర్ తన పూర్తి బలంతో పనిచేస్తుంది, రెండో అంచె వాల్వులూ ట్రాన్స్‌ఫార్మరూ అన్నీ కష్టపడతాయి. కానీ ఆ శక్తిలో చాలా భాగాన్ని ఈ పెట్టె మింగి వేడిగా మార్చేస్తుంది. స్పీకరుకు చేరేది కొసరే. ఇంజనీరుకు తగిన ఉపాయం అని నాకు అనిపిస్తుంది: నాదానికి కావలసిన శ్రమనంతా ఉంచి, మోతను మాత్రం పొయ్యిలో వేయడం. ఇందులో కష్టనష్టాలూ ఉన్నాయి. పెట్టె ఇస్త్రీ పెట్టెలా కాలుతుంది, వాల్వులు త్వరగా అరిగిపోతాయి. బాగా తగ్గిస్తే స్పీకరు కదలిక లేక నాదం మూగబోతుంది. 1982లో ఆయనే నడుముకు తగిలించుకొనే ‘రాక్‌మన్’ తెచ్చాడు. స్పీకరు లేదు, వాల్వు లేదు, హెడ్‌ఫోన్లలో వినడమే. స్పీకరు చేసే జల్లెడ పనిని అందులోని సర్క్యూటు చేస్తుంది. 1987లో వచ్చిన డెఫ్ లెపార్డ్ బృందం ‘హిస్టీరియా’ రికార్డులో గిటార్లు చాలావరకు రాక్‌మన్‌తో చేసినవే. పెద్ద మైదానాల్లో మోగిన ఆ పాటల గిటారు పుట్టింది జేబురేడియోకు అన్నలాంటి పెట్టెలో!

ఆ కాలానికే ఇంటి రికార్డింగుకు ఇంకో సాయం దొరికింది. 1979లో టియాక్ కంపెనీ మామూలు క్యాసెట్ మీద నాలుగు వరుసలు విడివిడిగా రికార్డు చేసే పోర్టాస్టూడియో తెచ్చింది. స్టూడియో అద్దె భారం తప్పింది.

యంత్రాల సంగతి ఇలా ఉండగా, మన చెవి సంగతి కూడా చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే అవుతుంది. 1933లో అమెరికా బెల్ ప్రయోగశాలలో ఫ్లెచర్, మన్‌సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక విషయం కొలిచి చూపించారు. శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి అడుగు స్వరాలు, అంటే మంద్రం, అన్నిటికంటే త్వరగా వినపడకుండా పోతుంది. పైస్థాయి కీచు కూడా కొంత తగ్గుతుంది. నడిమి స్వరాలే నిలుస్తాయి. పాత టేప్ రికార్డర్ల మీద ‘లౌడ్‌నెస్’ అని ఒక బొత్తాం ఉండేది, చాలామంది అది ఎందుకో తెలియకనే నొక్కేవాళ్లు. తక్కువ శబ్దంలో పోయిన మంద్రాన్ని తిరిగి చేర్చడమే దాని పని. కనుక మెల్లగా వాయించిన గిటారు పలచగా వినిపిస్తే తప్పంతా యాంప్లిఫైయర్‌ది కాదు, కొంత మన చెవిది. రాత్రి మెల్లగా వింటూ ‘నిండుదనం చాలలేద’ని మంద్రం పెంచి రికార్డు చేసి, పొద్దున అదే గట్టిగా వింటే బురదలా ఉంటుంది. మాటల గొంతు కంటే కాస్త పైన ఒక మట్టం పెట్టుకొని, ఎప్పుడూ ఆ మట్టంలోనే విని నాదాన్ని సరిచేసుకోవడం అనుభవజ్ఞులు పాటించే పద్ధతి.

1990లలో కంప్యూటరు విద్య ఈ రంగంలోకి వచ్చింది. 1998లో లైన్ 6 అనే అమెరికా కంపెనీ చిక్కుడు గింజ ఆకారంలో ‘పాడ్’ అనే ఎర్ర పెట్టెను తెచ్చింది. పేరున్న యాంప్లిఫైయర్లు తరంగాన్ని ఎలా వంచుతాయో లెక్కగట్టి, ఆ లెక్కనే పాడ్ చేస్తుంది. 2011లో జర్మనీకి చెందిన కెంపర్ ఇంకో మెట్టు ఎక్కింది: ముందు ఉన్న అసలు యాంప్లిఫైయర్‌లోకి పరీక్ష శబ్దాలు పంపి, తిరిగొచ్చిన దాన్ని విని, దాని గుణాన్ని అచ్చుగుద్దినట్టు పట్టుకొంటుంది. స్పీకరునూ, దాని ముందున్న మైకునూ, గదినీ కూడా ఒక్క చిటికె లాంటి శబ్దంతో కొలిచి దాచుకొనే పద్ధతి వచ్చింది. ఎక్కడో ఒక పెద్ద స్టూడియోలో ఒకసారి గట్టిగా మోగించి కొలిస్తే, ఆ కొలతను మన ఇంట్లో హెడ్‌ఫోన్లలో వెయ్యిసార్లు వాడుకోవచ్చు. ఇప్పుడు ఉచితంగా దొరికే ప్రోగ్రాములే ఈ పని చేస్తున్నాయి. మన కుర్రవాళ్లు మామూలు కంప్యూటరుతో, ఒక చిన్న ఆడియో పెట్టెతో చేసుకొంటున్న రికార్డింగులు వింటే అసలేదో నకలేదో నేను పోల్చలేను. పోల్చగలమనే పెద్దలు ఉన్నారు. వాళ్లతో నాకు వాదం లేదు.

అయినా అసలు వాల్వు యంత్రమే కావాలనేవారికి కొన్ని మాటలు. ఐదు వాట్లకు మించినది ఇంటికి వద్దు. దాన్ని నేల మీద కాకుండా స్టూలు మీద పెడితే కింది వాటాకు అదురు తక్కువ పోతుంది. మైకును స్పీకరు గుడ్డకు నాలుగు వేళ్ల దూరంలో, నడి బొడ్డుకు కాస్త పక్కగా పెట్టండి. సరిగ్గా నడుమ పెడితే కీచు, మరీ అంచుకు జరిపితే మొద్దు. గరగర నాబ్ మీకు బాగుందనిపించిన చోటి నుంచి కొంచెం వెనక్కు తిప్పండి. ఒకే వరుసను రెండుసార్లు విడివిడిగా వాయించి రెండు చెవులకూ చెరొకటి పంచితే, గరగర తక్కువైనా నిండుగా వినిపిస్తుంది. బట్టల బీరువాలో బొంతల మధ్య స్పీకరును దాచి తలుపు మూసేవాళ్లూ ఉన్నారు. అలా చేస్తే స్పీకరును మాత్రమే లోపల పెట్టి వాల్వుల పెట్టెను బయట గాలిలో ఉంచండి, బొంతలు అంటుకొనే ప్రమాదం ఉంది. స్పీకరు తీగ తగిలించకుండా వాల్వు యాంప్లిఫైయర్‌ను ఎన్నడూ వాయించకండి, లోపలి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చు.

ఇక స్విచ్ వేశాక ఒకటి రెండు నిమిషాలు ఆగండి. డప్పు వాయించేవాళ్లు ముందు దాన్ని మంట దగ్గర కాచుకోరూ? ఇదీ అంతే. వాల్వు ఎర్రబడనివ్వండి, ఆ తర్వాత తీగ మీటండి.